వాటం లేని నేల

మా మామ కూతురు పోయిందని పోయిన నెల గూడూరు దగ్గరి కోట ఊరి నుంచి మద్రాసులో ఉన్న నాకు తంతి వచ్చింది. విషజ్వరం. పందొమ్మిదేళ్లు నిండలేదు. చక్రాల బూట్లు కట్టుకుని గిరగిరా తిరిగే పిల్ల మంచాన పడిందంటేనే నేను నమ్మలేకపోయాను.

మీలో ఎవరికీ ఆ పిల్ల పేరు తెలిసి ఉండదు. రెండు స్కేటింగ్ పోటీలకు వెళ్లింది, రెండింటిలోనూ ఓడింది. అయినా దాని గురించి నాలుగు మాటలు రాయకపోతే నా మనసు ఊరుకోదు.

నాకు పెళ్లయిన కొత్తలో సెలవులకు మద్రాసు వచ్చింది. ఎగ్జిబిషన్‌లో స్కేటింగ్ చూసి అక్కడి నుంచి కదలనంది. పాత సామాన్ల అంగడిలో బూట్లు కొనిపించుకుని గాని గూడూరు రైలెక్కలేదు. మొండిఘటం.

కోటలో నున్నటి నేలంటే మామ రైస్ మిల్లులో ఉడికిన వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఒక్కటే. అందులోకి మామైనా చెప్పులు విప్పి వెళ్లాల్సిందే. వడ్లు తిప్పే ఆడవాళ్లు అడ్డం తిరిగారు.

"లచ్చిమి ఉండే చోట బూట్లేంది తల్లీ?"

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వడ్లు ఎత్తాక కళ్లం తనే ఊడ్చి, నేలను తాకి కళ్లకద్దుకుని అప్పుడు బూట్లు వేసుకోవాలి. మద్రాసు పోటీలోనూ అలాగే కళ్లకద్దుకుంది. జనం నవ్వారు. "నవ్వనీ వదినా, యాడైనా నేల నేలే గదా," అంది నాతో.

పోటీలో నేల మీద గీసిన ఎనిమిది అంకె వెంటే గీత తప్పకుండా తిరగాలి. ఊళ్లో దాన్ని ముగ్గుపిండితో వేసుకునేది. "అందరూ ముగ్గు తొక్కబాకంటారు. నేను తొక్కేదానికే ఏస్తుండా," అని నవ్వేది.

వాన నీళ్లు జారిపోవాలని కళ్లాన్ని నడుమ ఎత్తుగా, అంచులకు వాటంగా వేస్తారు. పల్లానికి జారకుండా ఎత్తు వైపు ఒరగడం దాని ఒంటికి అలవాటైపోయింది. మద్రాసు హాల్లో నేల సమంగా ఉంది. అక్కడ లేని ఎత్తు వైపు ఒరిగి ప్రతి చుట్టులోనూ గీత దాటింది. అందరికంటే చివర నిలిచింది.

"నాయనా, ఒక్క మూల సమంగా ఏయించు, చాలు," అని అడిగింది.

"పంట రానీమ్మా," అన్నాడు మామ. మిల్లు నడిపేవాడికి కళ్లం తవ్వించడమంటే మాటలు కాదు. పంట వచ్చింది, తుఫాను వచ్చింది, మరుసటి ఏటి పోటీ కూడా వచ్చింది. పిల్ల మళ్లీ అదే తప్పు చేసి వచ్చింది.

ఈ ఏడు మామ మేస్త్రీని పిలిచి ఆ మూల సమంగా వేయించాడు. కొత్త సిమెంటు గట్టిపడాలని నీళ్లు కట్టి ఉంచారు. ఆ నీళ్లు తీయకముందే పిల్లకు జ్వరం తగిలింది. నెల్లూరు ఆసుపత్రిలో కూడా "నేల ఆరిందా నాయనా?" అనే అడిగేదట. నేల ఆరేసరికి పిల్ల లేదు. మొదటి ఏడే వేయించి ఉంటే ఒక్కసారైనా గెలిచేదేమో.

పెద్దకర్మ నాడు మిల్లు దగ్గరికి వెళ్లాను. అప్పుడే వాన వెలిసింది. కళ్లమంతా నీళ్లు జారిపోయి ఆరుతోంది. ఆ మూలలో మాత్రం పలచగా నిలిచిపోయాయి.

"ఇది వడ్లకు పనికిరాదయ్యా. మళ్లీ వాటంగా లాగేస్తా," అన్నాడు మేస్త్రీ.

"ఉండనీ. ఇన్నాళ్లు ఆలస్యం చేసినోణ్ణి, ఇప్పుడు తొందరేంది?" అన్నాడు మామ.

ఆడవాళ్లు వడ్ల గంపలు ఎత్తుకుని ఆ మూలను వదిలి చుట్టూ తిరిగి పోతున్నారు. గాలికి ఆ నీళ్లు కొంచెం కదిలి, మళ్లీ సమంగా నిలిచాయి.