గంజి వదిలిన చీర

వరదొచ్చిన ఇళ్ళకి ఇద్దామని మీ స్కూలు పిల్లలు పోగేసిన ఈ బట్టల్లోంచి గంజి వాసనొస్తోందే బుజ్జీ! నా చిన్నప్పటి సంగతొకటి చెప్తా, రాసుకో.

చల్లపల్లిలో మా టీచరుగారు, తుఫానుకి మునిగిన ఊళ్ళకి పంపాలి, పాతబట్టలు తెమ్మన్నారు. మగ్గం నేసే మా నాన్న, ఇంట్లో పెట్టెలో దాచిన కొత్త చీర తీసి నా చేతిలో పెట్టాడు. కొత్తది తీసుకోరేమోనని భయమేసింది. కాలవలో ముంచి, గంజంతా పోయేదాకా తొక్కాను.

"ఇదేం పనే?" అంది అమ్మ.

"పాతవే తెమ్మన్నారుగా!"

నాన్న తిట్టలేదు. చీరకి మళ్ళీ గంజిపెట్టి, ఆరేసి, కొట్టుకి పంపే చీరలాగే మడతపెట్టాడు.

"కట్టుకునేది మీ అమ్మలాంటి మనిషేగా తల్లీ," అన్నాడు.

ఆ ఏడు పండక్కి అమ్మ పాతచీరే కట్టుకుంది. ఎందుకో నాకు చాన్నాళ్ళదాకా తట్టలేదు.