బిగింపు చేతిలో గిటారు

మా పక్కవాటాలో ఉండే కుళాయిల మేస్త్రీని వీధంతా బిగింపు అని పిలుస్తారు. అతను బిగించిన కుళాయిని విప్పాలంటే మళ్లీ అతన్నే పిలవాలి. పనిమంతుడే, కాదనను. కాని మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు వెగటే.

శనివారం సాయంత్రాలు మూలమీది హోటల్లో అతను గిటారు వాయించేవాడు, పెళ్లాం పాడేది. వారమంతా కుట్టుమిషను తొక్కే ఆ పిల్లకు ఆ పాటే ఊపిరి. ఎక్కడ అపస్వరం వినబడ్డా అందరి ముందే ఆమె వైపు తిరిగి నాలుక చప్పరించేవాడు.

"ఏం గొంతే తల్లీ! నీకన్నా ఊరకుక్క నయం," అనేవాడు ఇంటికొచ్చాక, గోడలు వినేట్టు.

చివరికి ఆమె నోరు విప్పడమే మానేసింది. ఇంకో పాటగత్తెను వెతుకుతున్నానని అతను ఊరంతా చాటాడు.

అంతలో ఎవరో చెప్పారట. గిటారు మెడ పైకొసన తీగలు ఆనే ఎముక ముక్కను తీసేసి, ఒక్కో తీగకు ఒక్కోలా ముందుకు జరిపి కోసిన ముక్క పెడితే, మెడకు అడ్డంగా ఉండే ప్రతి మెట్టు దగ్గరా స్వరం సరిగ్గా పలుకుతుందని. వెంటనే పెట్టించుకొచ్చాడు. పొయ్యి మీద పాలు వదిలేసి మరీ వెళ్లాను చూడటానికి. పక్కింట్లో చీమ తుమ్మినా పలకరించి రాకపోతే నాకు తోచదు.

ఛీ, అదేం గిటారు! మెట్ల మధ్య చెమట జిడ్డు నల్లగా పేరుకుని, గోటితో గీకితే పెచ్చులుగా ఊడి వచ్చింది. పైన మాత్రం తెల్లటి కొత్త ముక్క, కుళ్లిన నోట్లో కట్టుడు పన్నులా.

"గిటారులో ఇక లోపం లేదు అత్తయ్యగారూ. తప్పెవరిదో ఇప్పుడు మీరే చెబుదురుగాని," అన్నాడు.

ఎదురుగా ఫోను పెట్టాడు. స్వరం సరిగ్గా ఉంటే అందులో సూది నడుమ నిలుస్తుందట. ఏ మెట్టూ నొక్కకుండా ఉత్తి తీగ మీటితే నిలిచింది. మొదటి మెట్టు మీద నొక్కి మీటాడు. అవతలికి దూకింది. ఇంకో తీగకూ అంతే.

"ముక్క అమ్మినవాడు దొంగ!"

"అమ్మాయ్, నువ్వొకసారి మీటి చూడు," అన్నాను ఉండబట్టలేక.

"దానికేం తెలుసు?"

"తెలియనివాళ్లు ముట్టుకుంటే కరుస్తుందేంటయ్యా?"

ఆమె చేతులు తుడుచుకుని వచ్చింది. దారం ఎక్కించే వేళ్లవి. తీగ మెట్టుకు తగిలేంత వరకే అదిమింది. సూది నడుమనే నిలిచింది. మిగతా తీగల మీద కాస్త ఊగింది గాని దూకలేదు.

"ముక్క మంచిదే పిన్నీ. ఈయన కుళాయి బిగించినట్టు నొక్కుతాడు. తీగ సాగి స్వరం పైకి పోతుంది. నేను దాన్ని అందుకోలేక ఇన్నాళ్లూ..."

అప్పుడైనా సిగ్గుపడ్డాడా? "ఆడవాళ్ల వేళ్లకని చేసి నాకు అంటగట్టాడన్నమాట, వెధవ!" అన్నాడు. మొహాన ఉమ్మేద్దామనిపించింది. ఇల్లు వాళ్లది గనక ఆగాను.

ఆపై శనివారం పాటగత్తె దొరక్క ఆమెనే హోటలుకు తీసుకెళ్లాడు. నేనూ వెంటపడ్డాను. అతను గిటారు తీయబోతే ఆమె అడ్డం పడింది.

"ఇవాళ నేనే వాయించుకుంటా."

"నీ మొహం! నీకేం వచ్చు?"

"రోజూ నువ్వు పనికెళ్లాక నేర్చుకున్నా. ఒక్క పాటకు సరిపడా వచ్చు."

వేళ్లు తడబడ్డాయి, అబద్ధమెందుకు. మధ్యలో తీగలు ఆగిపోయాయి కూడా. గొంతు ఆగలేదు. బిగింపు సగంలో కుర్చీ తన్నుకుంటూ లేచి వెళ్లిపోయాడు. ఆమె అటు చూడలేదు. ఆ పాట అయిపోగానే మళ్లీ అదే పాట మొదటినుంచీ ఎత్తుకుంది.