అటక మీద కొలంబో కేకు

మా చిన్నప్పుడు ఒక పెరటాసి నెలంతా మదరాసు పెరంబూరు రైల్వే క్వార్టర్సులో, మా లైనులో ఏ ఇంటి అటక చూసినా ఒక కేకు డబ్బా... దించేవాళ్ళు లేరు, తినేవాళ్ళు లేరు. పిల్లలం మాత్రం మెడలు నొప్పి పుట్టేదాకా కింద నిలబడి చూసేవాళ్ళం.

అసలు సంగతి చెప్తా వినండి...

వర్క్‌షాపులో పనిచేసే మా తెలుగువాళ్ళకి ఒక నాటక సమాజం ఉండేది. మా నాయన అందులో ఆడవేషం కట్టేవాడు. "మీసం తీస్తే మీ అమ్మకంటే మీ నాయనే బాగుంటాడే" అని లైనంతా నన్ను ఏడిపించేది. ఆ ఏడు వాళ్ళ నాటకాన్ని కొలంబోకి పిలిచారు. ఎగ్మూరులో రైలెక్కి, ధనుష్కోడిలో స్టీమరెక్కి... మాకది చంద్రమండలానికి పోయినంత పని.

బయల్దేరేటప్పుడు మా తాత నాయన చెయ్యి పట్టుకున్నాడు. తాత పెళ్ళికి ముందు కొలంబో రేవులో మేస్త్రీగా చేసినవాడు. అక్కడ తిన్న కేకు గురించి చెప్పని రోజు లేదు. రవ్వ, జీడిపప్పు, తేనె, జాజికాయ వేసి చేస్తారట. దాన్ని అక్కడ 'లవ్ కేకు' అంటారట... ఆ పేరు పలకడానికి తాతకి సిగ్గు, కొలంబో కేకు అనేవాడు.

"నాకింకేం వద్దురా అబ్బయ్యా. ఆ కేకు ఒక్కటి తెచ్చిపెట్టు. నేను పోయేలోపల ఇంకొకతూరి తినాల," అన్నాడు.

నాయన తెచ్చాడు. అమ్మకి రంగుల తాటాకు బుట్ట, నాకు రిబ్బన్లు, నల్లకొయ్య ఏనుగు, ఇంట్లోకి టీ పొడి... తాతకి కేకు డబ్బా. నాయన కొంటుంటే చూసి సమాజంలో వాళ్ళందరూ తలా ఒకటి కొన్నారట. అంతమంది మగాళ్ళలో ఒక్కరికైనా గుర్తు రావొద్దూ... వాళ్ళు ఎగ్మూరులో దిగిన రోజే పెరటాసి మొదలని!

పెరటాసి అంటే అరవ లెక్కలో తిరుపతి వెంకన్న నెల. మా మదరాసు తెలుగు ఇళ్ళల్లో ఆ నెల్లాళ్ళూ నీసు ముట్టరు, గుడ్డు గుమ్మం దాటి రానివ్వరు.

"ఇందులో గుడ్డు పడతాదా?" అనడిగింది మా అవ్వ. నాయన నీళ్ళు నమిలాడు. అబద్ధం ఆడేసేవాడే... కానీ "ఒక్కో కేకుకి బుట్టెడు గుడ్లు కొట్టి పోస్తారు మే" అని ఇన్నేళ్ళూ ఊరంతా చాటింది తాతే కదా! పాపం, ఆయన నోరే ఆయన కేకుకి అడ్డం పడింది. అవ్వ డబ్బాని అటకెక్కించేసింది. కబురు పాకి, సాయంత్రానికి మిగతా ఇళ్ళల్లోనూ డబ్బాలు అటకెక్కాయి.

రోజూ ఇదే తంతు...

"తినన్లే మే. చుమ్మా, ఊరికే ఒకసారి వాసన చూస్తా, దించు."

"వాసన చూస్తే సగం తిన్నట్టే. గమ్మునుండండి."

నెల నడుమ వానలు పట్టుకున్నాయి. తాతకి జ్వరం తగిలింది. గంజి పోస్తే ఉమ్మేశాడు. జావ పోసినా అంతే. డాక్టరు వచ్చి సూదేసి, "ఏదో ఒకటి లోపలికి పోకపోతే మనిషి దక్కడు" అనేసి పోయాడు. నాయన గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు.

ఆరోజు శనివారం. పెరటాసి శనివారమంటే పండగ కిందే లెక్క. అవ్వ తలంటుకుని స్వామికి నైవేద్యం వండుతోంది. ఉన్నట్టుండి తడి జుట్టుతోనే ఇవతలికొచ్చి, "ఒరే, ఆ డబ్బా దించు" అంది నాయనతో.

నాయన గబగబా డబ్బా దించాడు. మంచం మీద నుంచి తాతే అన్నాడు, "వొద్దు మే... నా కోసరం నువ్వు నెల చెడగొట్టుకోవద్దు."

"ఆ ఏడుకొండలాయనతో నేను మాట్లాడుకుంటా. మీకెందుకు? నోరు తెరవండి."

చిన్న ముక్క తుంచి తాత నోట్లో పెట్టింది. తాత నమల్లేదు... అట్లాగే నాలుక మీద ఉంచుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"అదేనా?" అంది అవ్వ.

"అదే మే," అన్నాడు.

ఇంకో ముక్క అడిగి తిన్నాడు. ఆ సాయంత్రం గంజి తాగాడు. వారానికల్లా లేచి వీధి అరుగు మీద కూర్చున్నాడు... ఇంకా చాలా ఏళ్ళు మాతో ఉన్నాడు.

నెల దాటగానే లైనులో డబ్బాలన్నీ దిగాయి. అబ్బ, ఏం రుచండీ అది... వేళ్ళు కూడా నాకేశాం. అవ్వకి ముక్క ఇవ్వబోతే "నాకొద్దు, మీరు తినండి" అంది.

ఆ తర్వాత ఆమె కోడిగుడ్డు పులుసు కూడా ముట్టలేదు. పులుసంటే ప్రాణం ఆమెకి, నా గిన్నెలో గుడ్డు కూడా లాక్కుని తినే మనిషి! ఎందుకవ్వా అంటే "పడటం లేదులే" అనేది. ఆ ఏడు కాదు, మరుసటేడు కాదు... మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

తాత పోయాక గానీ అవ్వ అసలు సంగతి అమ్మకి చెప్పలేదు. "ఆ పొద్దు సామికి మాటిచ్చినా మే, ఈయన్ని వదిలిపెట్టు, నేను గుడ్డు వదిలిపెడతానని. ఆయనకి తెలిస్తే ఆ కేకు అరగదని చెప్పలా."

జనం కాశీకి పోయి ఇష్టమైనది వదిలేసి వస్తారు. మా అవ్వ పెరంబూరు వంటింట్లోనే వదిలేసింది.

ఇప్పుడు పెరటాసి వస్తే గుడ్డు లేని కేకని బోర్డు పెట్టి మరీ అమ్ముతున్నారు. కొలంబో పోయొచ్చినవాళ్ళు ఏం తెచ్చారని అడిగేవాళ్ళు కూడా లేరు. ఎవరూ దేనికోసమూ ఆగక్కర్లేదు... మంచిదే, కాదనను. కానీ నాకు ఆ ఇల్లు కావాలనిపిస్తుంది, ఆ మనుషులు కావాలనిపిస్తుంది.

మీ ఇంట్లో కూడా "నాకు పడదులే" అంటూ మీ కోసం ఏదో మానుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. గుర్తొస్తే ఇక్కడ రాయండి... వాళ్ళు ఇంకా ఉంటే మాత్రం రాయడం తర్వాత, ముందు పోయి పక్కన కూర్చోండి. మా అవ్వ ఉండుంటే నేనూ ఇప్పుడు అదే పని చేసేదాన్ని.