గాజు పెట్టెలో కొల్లేరు

కొల్లేరు సరస్సుని ఎత్తుకొచ్చి తన ఇంటి వసారాలో పెట్టుకున్న మగవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. ఆ పనివల్ల ఒక బీరువాకి తలుపులు ఊడిపోయాయి, ఒక బస్సెడు జనం ముక్కులు మూసుకున్నారు, నాకు మతి చలించిందని కొల్లేటి లంకలన్నిటా చెప్పుకున్నారు. ఇదంతా నా తెలివితక్కువతనం అనుకునేరు. కాదు, నా ప్రేమ.

మాది రెడ్డిగూడెం దగ్గర మెట్ట ఊరు. ఎటు చూసినా మామిడి తోటలే. స్వాతంత్ర్యం వచ్చాక తొలి మాఘమాసంలో నాకు పెళ్ళయింది. నా భార్య కనకరత్నం కొల్లేటి లంకలో పుట్టి పెరిగిన పిల్ల. వేసవిలో ఒక సాయంత్రం ఆమె బావి గట్టు మీద చేంతాడు చుట్ట చుడుతూ నాతో అంది:

"మా ఊళ్ళో అయితే గుమ్మం దిగితే నీళ్ళేనండీ. ఇక్కడ నీళ్ళు కనపడాలంటే బావిలోకి తొంగి చూడాలి."

అని ఒక నిట్టూర్పు విడిచింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో పెళ్ళాం నిట్టూరిస్తే ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. అయ్యో, కలువపూల మధ్య పెరిగిన పిల్లని తెచ్చి ఈ ఎండు తోటల్లో పడేశానే అని నాకు నిజంగానే దుఃఖం వచ్చింది. ఆమె మొహంలో బెంగ పోగొట్టకపోతే నేను మొగుణ్ణే కాదనుకున్నాను.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళాలి, కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. మామగారు బండి తెచ్చి కూతుర్ని తీసుకెళ్ళారు. ఆమె తిరిగొచ్చేలోగా కొల్లేటినే మా ఇంటికి తేవాలని నేను తీర్మానించుకున్నాను.

బెజవాడలో ఒక డాక్టరు గారి ఇంట్లో గాజుతొట్టి చూశాను. తేట నీళ్ళలో నాలుగు ఎర్ర చేపలు తిరుగుతుండేవి. నాది అలాంటి షోకు తొట్టి కాదు, అచ్చమైన కొల్లేరు. పాత పంచాంగం అట్ట వెనక ప్లాను గీశాను: అడుగున నాలుగు వేళ్ళ మందాన నల్ల బురద, ఒక మూల తుంగ, మధ్యన కలువ, పైన గుర్రపుడెక్క, కింద చేపలు. ఆ అట్ట పట్టుకుని వడ్రంగి ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన అట్టని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇదేంటండీ బాబూ? గాదె అనుకుందామంటే అద్దాలంటున్నారు."

"చేపలకి ఇల్లు, ఆచారి గారూ."

"చేపలకి ఇల్లు మీ మామగారి ఊళ్ళో దేవుడే కట్టాడు గదండీ! సరే, టేకు నా దగ్గరుంది. ఇంత పెద్ద అద్దాలు ఎక్కడ తెస్తారు?"

మా పడగ్గదిలో కనకరత్నం సారెతో వచ్చిన అద్దాల బీరువా ఉంది. ఆలు అలిగితే ఆభరణం తెస్తారు గానీ, ఆలి బీరువా ఊడదీసి ఆలికే కానుక చేసినవాణ్ణి నేనే.

పెట్టె తయారయ్యాక బురద కోసం బయలుదేరాను. అత్తవారి ఊరు తప్పించి, రెండు లంకల అవతల తాటి దోనె ఒకటి మాట్లాడుకున్నాను.

"ఏ చేపలు కావాలండీ?" అన్నాడు దోనె నడిపే ఆయన.

"చేపలు తర్వాత. ముందు బురద కావాలి."

"బురదా?"

"అవును. నల్లగా, మెత్తగా, మంచి రకం చూసి తియ్యి."

"బురదలో రకాలేముంటాయండీ!" అని అతను నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "ఇంతకీ తమరు ఎవరి తాలూకండీ?"

నోరు మూసుకుని ఉండొచ్చా? ఉండలేదు. మామగారి పేరు గొప్పగా చెప్పాను. ముందుంది ముసళ్ళ పండగ అంటారే, దానికి ముహూర్తం ఆ దోనెలోనే పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణం బొగ్గు బస్సులో; పెట్రోలు కరువు వల్ల అప్పట్లో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. నాలుగు కిరసనాయిలు డబ్బాల బురద, ఒక కట్ట తుంగా కలువా గుర్రపుడెక్కా, ఒక కుండలో చేపలు.

"డబ్బాల్లో ఏంటండీ?" అన్నాడు కండక్టరు.

"కొల్లేరు."

అతను మూత తీసి వాసన చూసి, డబ్బాలు బస్సు మీద వేయించాడు. నూజివీడు దాకా ప్రతి గుంతకీ పైనుంచి కొంత కొల్లేరు కిటికీల్లోకి దిగుతూ వచ్చింది. తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయను.

పెట్టెని వసారాలో పెట్టి, నలభై చేదల నీళ్ళు తోడి పోశాను. ఇరవై పరిగెలు, అయిదు జెల్లలు, ఒక కొరమీను వదిలాను. కొరమీను కొల్లేటికి రాజు కదా, రాజు లేని రాజ్యం ఏం బాగుంటుందని వేశాను. మా అమ్మ వచ్చి తొంగి చూసింది.

"ఒరేయ్ అబ్బాయ్, పులుసు ఎప్పుడురా?"

"ఇవి తినేవి కాదమ్మా, చూసేవి."

"చూడ్డానికేముందిరా? బురద తప్ప ఏం కనపడటం లేదు."

మర్నాటికి పదహారు పరిగెలు మిగిలాయి. ఆ మర్నాటికి పది. మా పిల్లిని స్తంభానికి కట్టేశాను. అయినా జెల్లలు తగ్గాయి. అమ్మని అనుమానించాను, ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గాజింట్లో దొంగని పట్టడం నావల్ల ఎక్కడవుతుంది? రాజుగారు మాత్రం గడియకోసారి పైకొచ్చి, గాలి మింగి, నావంక చూసి లోపలికి పోయేవారు. రోజురోజుకీ ఒళ్ళు చేస్తున్నారు. కొల్లేటి గాలి పడిందని మురిసిపోయాను.

పెట్టె కారేది కూడా. ఆచారి గారు లప్పం మీద లప్పం పెట్టినా, రోజుకి ఎనిమిది చేదలు తోడి పోస్తేనే కలువ తేలేది. మా బావి పది బారల లోతు. పది రోజులకి నా అరచేతులు బొబ్బలెక్కిపోయాయి. కొబ్బరినూనె రాసుకుని, ప్రేమంటే ఇదే కదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

శ్రావణం మొదటి రోజునే బండి వచ్చి ఆగింది. కనకరత్నం దిగింది, వెనకాలే మామగారు దిగారు. ఆయన నా చెయ్యి పట్టుకుని, పసిపిల్లాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగారు.

"అల్లుడుగారూ, నిద్ర పడుతోందా?"

"పడుతోందండీ."

"అన్నం సయిస్తోందా? మా అమ్మాయి మీద బెంగతో కొల్లేటి బురద డబ్బాల్లోకి ఎత్తుకున్నారని దోనె ఆయన చెప్పాడు. నేను నమ్మలేదనుకోండి…"

అంటూనే వసారాలో పెట్టె చూశారు. లోపల నోరు తెరుచుకున్న బీరువా చూశారు. తర్వాత కూతురి వంక జాలిగా చూశారు.

నేను అవేవీ పట్టించుకోలేదు. "రత్నం, నీకోసమే! నీళ్ళు కనపడటం లేదన్నావుగా. ఇక పొద్దున లేవగానే నీ కొల్లేరు నీ కళ్ళెదుటే!" అన్నాను.

ఆమె పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. కింద కారుతున్న నీళ్ళు చూసింది.

"దీనికి రోజూ ఎన్ని చేదలు పడతాయండీ?"

"ఎనిమిది!" అన్నాను గర్వంగా.

"ఎవరు తోడుతున్నారు?"

"ఇంకెవరు, నేనే!" అని రెండు అరచేతులూ చాపి చూపించాను.

ఆమె దగ్గరికి వచ్చి తన చేతులు నా చేతుల పక్కన పెట్టింది. వేళ్ళ మొదట్లో వరసగా కాయలు కాసి ఉన్నాయి. నెల్లాళ్ళు పుట్టింట్లో ఉన్నా తగ్గలేదు. అయిదు నెలలుగా ఆ చేతుల్తో వడ్డించిన అన్నం తింటూ నేను ఒక్కసారి కూడా వాటిని చూడలేదు. సిగ్గుతో నా తల వంగిపోయింది.

"కొత్త కోడల్ని, నోరు తెరిచి అడగలేక అలా అన్నానండీ," అంది నెమ్మదిగా. "కలువలు కాదు. మన బావికి గిలక లేదు."

మామగారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "హమ్మయ్య, పిచ్చి కాదు, మామూలు మొగుడే!" అన్నారు.

ఆ సాయంత్రమే ఆచారి గారు వచ్చి అద్దాల్ని బీరువాకి బిగించారు. పెట్టె టేకు కొయ్యలు బావి మీద గిలకకి దన్నుగా నిలబడ్డాయి. బురద గులాబి మొక్కకి పోయింది. పెట్టె అడుగున దొరికింది ఒక్క కొరమీనే, పరిగెల్నీ జెల్లల్నీ కడుపులో దాచుకుని. మా అమ్మ పిల్లిని విప్పి, నావంక ఒక చూపు చూసింది. రాజుగారిని మామిడి ఒరుగులు వేసి కనకరత్నం పులుసు పెట్టింది. మామగారు రెండోసారి వడ్డించుకుంటూ, కొల్లేరు తేవడమంటే ఇలా తేవాలి బాబూ అన్నారు.

ఆ పులుసు గిన్నె మీద చెయ్యి వేసి, అమ్మా మామగారూ సాక్షులుగా నేను ప్రమాణం చేశాను: ఈ జన్మలో నా భార్య నిట్టూరిస్తే, ముందు ఆమె చేతుల వంక చూస్తాను, ఆ తర్వాతే ఆకాశం వంక చూస్తాను. ఈ మాట తప్పితే నాకు మళ్ళీ బొగ్గు బస్సే గతి.

ఆ మరుసటేడు వేసవిలో కనకరత్నం పొయ్యి దగ్గర కళ్ళు తుడుచుకుంటూ, "మా ఊళ్ళో గాలి ఎంత బాగుంటుందోనండీ," అంది. గాలి పట్టుకొద్దామని డబ్బాలు వెతకలేదండోయ్. వంటింటికి కిటికీ పెట్టించాను.