దబ్బనంతో పొడిచిన ల్యాప్‌టాప్

మా ఫలక్‌నుమా ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా అమ్మ ముందు టేపు పట్టుకుని కొలతలు తీసేది. టీవీకి పూల గుడ్డ, ఫ్రిజ్ పిడికి కుచ్చుల తొడుగు, మిక్సీకి గౌను. బ్లౌజులు కుట్టే మనిషికి వస్తువును గౌరవించడమంటే అదే. కంప్యూటర్ ఆటలు తయారుచేయడం నేర్చుకుంటున్న నాకు గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్న రోజున ఎర్ర మఖ్మల్ గుడ్డ తీసింది. అడుగునా పక్కలా బిగుతుగా పట్టేలా తొడుగు కుట్టింది. నేనూ మురిసిపోయి దాన్ని ఒక్కనాడూ విప్పలేదు.

ఎండలు ముదిరేసరికి ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. నేను చేసిన కార్ల రేసు ఆట సగం దూరం పోకముందే టప్పున ఆరిపోయేది. సోమవారం ఒక గేముల కంపెనీలో ఆ ఆట ఆడించి చూపించాలి. చూపిస్తే ఉద్యోగం. లేకపోతే మళ్లీ అలాంటి పిలుపు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఆ ఆటను మోయగల మిషన్ మా బస్తీలో ఇంకొకటి లేదు.

అమ్మా నేనూ మలక్‌పేటలో సర్వీస్ సెంటర్‌కు పోయాం. కౌంటర్ దగ్గరున్నతను ఆన్ చేశాడు, ఆరిపోగానే పక్కకు తోశాడు.

"బోర్డు పోయింది. రెండు మూడు వారాలు పడుతుంది."

"విప్పి చూడకుండనే ఎట్ల చెప్తున్నరు సార్?" అన్నాను.

"ఫ్యాన్ దాకా పోవాలంటే మొత్తం ఊడదీయాలి. అంత తీరిక ఎవరికుంది?" అని, తొడుగు చూసి పగలబడి నవ్వాడు. "దీనికి చీర ఎవరు కట్టారమ్మా? గాలి కింద నుంచే కదా పీల్చుకునేది!"

లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. అమ్మ ముఖం చిన్నబోయింది. "దుమ్ము వడ్తదని నేనే కుట్టిన సార్. లోపల జర సాఫ్ జేస్తే నడుస్తదేమో. మా మిషిన్ గట్లనే..."

"ఇది కుట్టు మిషన్ కాదమ్మా. ఆ నట్టు మీద సీలు చూశారా? అది చిరిగితే మా బాధ్యత ఉండదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ బాధ్యత మీ దగ్గర్నే వెట్టుకోండ్రి" అని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని బయటపడ్డాను.

బస్సులో అమ్మ నోరు విప్పింది. "నా చేతులతోనే దాని ఊపిరి దీసిన గద బిడ్డా."

"నువ్వేం దియ్యలేదు. గాలి కిందికెళ్లి గుంజుకుంటదని దాని మీద ఒక్క ముక్కన్న రాసిండ్రా?"

ఇంటికి రాగానే ల్యాప్‌టాప్‌ను బోర్లా వేసి సీలును గోటితో గీకిపారేశాను. ఎంత హాయిగా అనిపించిందో! కానీ కనిపించిన నట్లన్నీ తీసినా కింది మూత కదల్లేదు. రెండు నట్లు రబ్బరు కాళ్ల కింద దాచారు, ఇంకొకటి కీబోర్డు కింద. ఏం దాచుకున్నార్రా నాయనా, నిజాం నగలా! అమ్మ కుట్టు మిషన్ తలను వెనక్కి వాలిస్తే చాలు, కడుపంతా కనబడుతుంది. నూనె పొయ్యాల్సిన చోటల్లా బెజ్జం ఉంటుంది. కొన్నవాళ్లు విప్పుకుంటారని తెలిసి చేసిన వస్తువు అది. ఇది మాత్రం మమ్మల్ని దొంగల్లా చూసేవాళ్లు చేసింది.

చివరికి మూత ఊడింది. ఫ్యాన్‌కూ, వేడి బయటికిపోయే జాలీకీ మధ్య మఖ్మల్ నూగు ఎర్రగా దట్టంగా పేరుకుపోయి ఉంది. అమ్మ ఒక్క క్షణం దాన్ని చూసి, "జరుగు" అని కుట్టు మిషన్ తుడిచే బ్రష్ తెచ్చింది. జాలీ మెరిసేదాకా వదల్లేదు. తర్వాత ఆ ప్లాస్టిక్ మూతను వెలుతురుకు పట్టి చూసింది. ఫ్యాన్ వచ్చే చోట సన్నటి గీతలు తప్ప అంతా మూసే ఉంది.

"గీ సందులకెళ్లి గాలేడ వోతదే? తొడుగు నా తప్పే, సరే. మరి గిదెవని తప్పు?"

పొయ్యి ముట్టించి, దబ్బనాన్ని పట్టకారుతో పట్టి ఎర్రగా కాల్చింది.

"అమ్మా, ఏం జేస్తున్నవ్?"

"కాజాలు తీస్తున్న."

కంపెనీవాళ్లు మూసేసిన చోట వరుసగా బెజ్జాలు పొడిచింది. కాలిన ప్లాస్టిక్ కంపుతో ఇల్లు నిండిపోయింది. అన్నీ బిగించి, నాలుగు మూలలా దారపు రీళ్లు పెట్టి ల్యాప్‌టాప్‌ను ఎత్తులో నిలిపాం. ఆట పెట్టాను. రేసు చివరిదాకా పోయింది. అమ్మ కింద అరచెయ్యి పెట్టి చూస్తూ, "ఇంకోపారి ఆడు" అంటూ సాయంత్రందాకా ఆడించింది.

సోమవారం కంపెనీలో మేనేజర్ మిషన్‌ను తిరగేసి చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"ఇలా పొడిచిందెవరు? వారంటీ పోయినట్టే, తెలుసా?"

"పోయింది సార్. ఆట మాత్రం ఆగదు."

తనే కూర్చుని ఆడాడు. గెలిచేదాకా లేవలేదు. లేచాక నా వైపు తిరిగాడు.

"ఉద్యోగం ఇస్తాం. కానీ ఇక్కడ మిషన్లు విప్పకూడదు. వేడెక్కితే కంప్లైంట్ ఇచ్చి ఆగాలి. దానికి వేరే వాళ్లున్నారు."

"ఆగడం నాకు రాదు సార్" అన్నాను. వచ్చిన ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, రేపట్నుంచి రమ్మన్నాడు. వెళ్లాను. వారం తిరక్కుండానే ఒకటి విప్పాను.