మా మేనమామ నెత్తికెత్తుకున్న చుక్క

ఆ రోజుల్లో, అంటే స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న కాలంలో, ఆకాశం గురించి రెండు ముక్కలు తెలిసినవాడికి మా వైపు దక్కిన గౌరవం అంతా ఇంతా కాదు. ఆ గౌరవంలో ఒకపూట నేనూ ఊరేగాను. ఆ పూట గురించి మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకునే కథలో వెర్రివాడు మా మేనమామ. అసలు వెర్రివాడెవరో చెప్పాల్సిన బాధ్యత నాది.

అప్పట్లో నేను కొత్తగా పుట్టిన నక్షత్రాల మీద పరిశోధన చేసేవాణ్ణి. అవి దట్టమైన దుమ్ము మేఘాల్లో పుడతాయి, కంటికి ఆనవు. ఎక్స్‌రేలు మాత్రం ఆ దుమ్మును దాటి వస్తాయి. వాటిని మన గాలి అడ్డుకుంటుంది కనుక, పట్టే టెలిస్కోపు అంతరిక్షంలో తిరుగుతుంటుంది. అది పంపిన అంకెల్ని కంప్యూటర్లో గీతగా మార్చడమే నా పని. చప్పగా సాగే గీత ఉన్నట్టుండి లేచి, కొన్ని గంటల్లో మళ్లీ దిగేది. పసినక్షత్రం గుక్కపట్టిందన్నమాట. అలాంటిదొకటి నా కంటపడి, మా గైడుగారి వ్యాసంలో అందరి పేర్ల తర్వాత నా పేరూ అచ్చయింది (దాన్ని చూడ్డానికీ టెలిస్కోపు కావాలి).

ఈ సంగతి ఫోన్లో మావకు చెప్పాను. గరివిడికి దగ్గర్లోని మా ఊళ్లో, రిటైరైన బస్సు కండక్టరుకు కూడా శాలువా కప్పించిన మనిషాయన. ఊరుకుంటాడా? నాకూ సన్మానసభ పెట్టేశాడు. నేను బస్సు దిగేసరికి విజయనగరంలో వేయించిన ఫ్లెక్సీ ఎదురుగా వేలాడుతోంది. నా బొమ్మ, పక్కన శనిగ్రహం, కింద ‘సభానంతరం నక్షత్ర దర్శనం’. నా నక్షత్రం కంటికి కనబడదని చెప్పడానికి అప్పుడే నోరు రావలసింది. రాలేదు. పైగా సభకు నాకు చూసిన సంబంధం వాళ్లనూ పిలిచాడు మావ. పిల్ల తండ్రి గరివిడి ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. అంతకుముందు వచ్చిన సంబంధంలో పెళ్లికొడుకు లేని ఉద్యోగం చెప్పాడని, ఇక అబద్ధాలాడేవాడికి పిల్లనిచ్చేది లేదని భీష్మించుకుని ఉన్నాడు. పిల్ల నాకు అప్పటికే నచ్చింది.

ఉపన్యాసాలు అయ్యేసరికి చీకటిపడి, ఆకాశమంతా మబ్బు పట్టేసింది. మావ వేదిక మీది మైకులోంచి, “ఒరే అల్లుడూ, ఇంక నీ సుక్క సూపించు” అన్నాడు. కింద జనం మధ్య నిలబడి నాలుగు దిక్కులూ చూశాను. తాటిచెట్లకు పైగా ఒకే ఒక్క ఎర్రచుక్క వెలుగుతూ ఆరుతూ ఉంది. అది నాది కాదని తెలుసు. ఏమిటో మాత్రం తెలియదు. శాలువా మహిమ కాబోలు, చెయ్యి లేచింది. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండడమే దాని స్వభావమని గొంతెత్తి వివరించాను కూడా. చప్పట్లు మోగాయి. ఒక ముసలమ్మ దణ్ణం పెట్టుకుంది.

వేదిక ముందే నిలబడ్డ పిల్ల తండ్రి మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. “బాబూ, అది మా ఫ్యాక్టరీ పొగగొట్టం, సిమ్నీ మీద లైటు. మొన్న నేనే దగ్గరుండి పెట్టించాను.”

నేను నోరు తెరిచేలోగా మైకు పలికింది. “తప్పు నాదేనండి. మబ్బేసింది, కనబడదు మావా అని ఆడు సెప్తన్నాడు. నేనే ఆ ఎర్రదాన్ని సూపించీమని సెవిలో పోరెట్టాను.”

జనం విరగబడి నవ్వారు. తెరవబోయిన నోరు మూసేశాను. నాకు సంబంధం కుదిరింది, ఆయనకు ‘సిమ్నీ మావ’ అన్న పేరు కుదిరింది. టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు, సుక్క ఎలిగిందేటి మావా అని పలకరించేవారు. ఆయన కూడా నవ్వేవాడు.

పెళ్లయ్యాక ఒకసారి, ఊరందరికీ నిజం చెప్పేస్తానన్నాను. మావ కసిరాడు. “ఏటి సెప్తావురా? నన్ను ఎర్రిబాగులోడన్నా నాకిప్పుడు పిల్లనిచ్చేదెవుడు, మానీదెవుడు? నేనున్నన్నాళ్లూ నోరు మూసుకో.”

పోయినేడాది ఆయన వెళ్లిపోయాడు. దినకార్యాలయ్యాక ముందుగా మా మామగారి దగ్గర కూర్చుని, ఎత్తిన చెయ్యే కాదు, ఆ అబద్ధమూ నాదేనని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

“ఆవేళే తెలిసింది బాబూ. ఆయన పైన మైకు కాడున్నాడు, మీరు కింద జనంలో ఉన్నారు. సెవిలో ఎలా పోరెడతాడు?”

“మరి పిల్లనెందుకిచ్చారు?”

“మీ మావని సూసి ఇచ్చాం.”

నన్ను చూసే ఇచ్చారనుకుని, ఇన్నేళ్లూ అత్తారింటికి వెళ్లేముందు అద్దం ముందు ఎంతసేపు తల దువ్వుకునేవాణ్ణో.