కావలి లేని పని

మహబూబాబాద్ ఆఫీసులో కంప్యూటర్ ఫ్యాన్ హోరు పెరిగి, వేడెక్కిన దుమ్ము వాసన తగలగానే నాకు స్వరూప గుర్తొస్తుంది. పాత గ్రామపటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే మా చిన్న సంస్థలో జనగామ ఆఫీసుకు ఆమె పెద్ద. కొడకండ్ల మనిషి. ఆమె తండ్రి ఒకప్పుడు మా తాత పొలాల్లో పనిచేశాడు. అందరూ ఆమెను అక్కా అనేవారు. నేను మేడం అనేవాణ్ణి. మూడు ఆఫీసులకు కలిపి పెట్టబోయే ఇన్‌ఛార్జి పదవి మీద చేరిన నాటి నుంచే నాకు ఆశ. పోయిన మా దొరల గడి పరువు దానితో కొంతైనా తిరిగొస్తుందనుకున్నాను.

జనగామలో చేరిన కొత్తలో ఒకరోజు, పటాలన్నింటినీ సరిచేసే కమాండ్ ఒకటి ఇచ్చి, అది ముగిసేదాకా అన్నం మానేసి తెర ముందు నిటారుగా కూర్చున్నాను. ఆమె టిఫిన్ డబ్బాతో వచ్చింది.

“ఏంది దొరా, కూలోళ్ల మీద మీ తాత గిట్లనే కావలి కూసునేటోడట. మా నాయిన చెప్పిండు.”

“లేస్తే ఆగిపోతదేమోనని, మేడం.”

“నువ్వు లేచినా నడిచేటట్టు మొదలువెట్టాలె. ఏం జరిగిందో అదే రాసిపెడ్తది. జర తినిరా పో.”

కమాండ్ ముందు ఒక మాట చేర్చి మళ్లీ మొదలుపెట్టి, విండో మూసేసింది. పని ఆగలేదు. నాకు మాత్రం అన్నం సహించలేదు.

తర్వాత నన్ను మహబూబాబాద్ పంపారు. జనగామ కంప్యూటర్లలో లైనక్స్, ఇక్కడివాటిలో విండోస్. అక్కడిలాగే పనిని వెనక నడవమని చెప్పి, విండో మూసి కురవి గుడికి వెళ్లాను. వచ్చేసరికి పని ఎప్పుడో చచ్చింది. ఆమె పాఠం తప్పిందని లోలోపల సంతోషిస్తూ ఫోన్ చేశాను.

ఆమె నవ్వింది. “విండోస్ అంటే వేరే ఇల్లు దొరా. ఆడ తలుపు మూస్తే లోపల పనిజేసేటోళ్లు గూడ ఎల్లిపోతరు. ఆ ఇంటి షెడ్యూలర్‌కు అప్పజెప్పు, గదే నడిపిస్తది. ఏ ఇంటి మర్యాద ఆ ఇంటిదని మీ అసుంటోళ్లకు నేను చెప్పాల్నా?”

మర్యాద ఒక్కటే మా ఇంట్లో మిగిలింది. అందుకే ఆ మాట గుచ్చుకుంది, అందుకే మరచిపోలేదు.

ఇన్‌ఛార్జి పదవి ఆమెకిచ్చి, మూడో ఆఫీసున్న భూపాలపల్లి పంపారు. వీడ్కోలు చెప్పడానికి జనగామ వెళ్లాను. ఆమె లేకపోతే అక్కడి పని తడబడుతుందేమో చూద్దామని కూడా వెళ్లాను. ఆమె బస్సెక్కింది. ఆమె మొదలుపెట్టిన పటాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఎవరూ తలెత్తలేదు. తాత పోయిన రోజు ఊళ్లో ఏ పనీ నడవలేదని మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. ఆ పూట ఆ గొప్ప నాకు మొదటిసారి చిన్నదిగా తోచింది. ఆమెకొచ్చిన పదవి కన్నా, ఆమె లేకున్నా ఆమె పని నడుస్తున్నందుకే ఎక్కువ అసూయపడ్డాను.

ఆ అసూయ ఇంకా పోలేదు. ఇవాళ కూడా పనిని షెడ్యూలర్‌కు అప్పజెప్పి, విండో మూసి, భోజనానికి లేస్తున్నాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లడం మాత్రం ఇంకా చేతకావడం లేదు.